వచ్చే పండగలు, నిలిచే పండగలు: తిరుపతి నుంచి చూస్తే

అక్టోబరు చివరి వారంలో మా తమ్ముడి కూతురు చదివే స్కూలు నుంచి వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. 31న హాలోవీన్, పిల్లలంతా దెయ్యం వేషంలో రావాలి, నల్ల బట్టలు తప్పనిసరి, ముఖానికి రంగు ఇంట్లోనే వేసి పంపాలి. పాపకు ఆరేళ్లు. చేతిలో ఉన్నది రెండు రోజులు. మా మరదలు ఫోన్లో దెయ్యం డ్రెస్సులు వెతుకుతూ, ఇప్పుడు ఆర్డర్ పెడితే టైముకు వస్తుందో రాదో అని టెన్షన్ పడుతోంది. పక్కనే చిక్కుడుకాయలు తుంచుతున్న మా అమ్మ తలెత్తి, "దానికి కొనేదేముంది అమ్మాయ్? వాళ్ల నాయనకి నాలుగేండ్లప్పుడు గంగజాతరకి తోటి వేషం వేసింది నేనే. ఇంత బొగ్గు నూరి పూసి, నాలుగు వేపమండలు చుడితే అయిపాయ" అంది. "అత్తా, అది వేరే, ఇది వేరే" అంది మరదలు.

ఇద్దరి మాటా నిజమే. ఆ 'వేరే' ఎక్కడుందో విడదీసి చూడాలనే ఇది రాస్తున్నాను. ఏటా అక్టోబరు 31 నుంచి ఫిబ్రవరి 14 దాకా ఇదే గొడవ. మన సంస్కృతి పోతోందని ఒకరు, ఎవరి సరదా వాళ్లదని ఇంకొకరు. ఇంతలో ఇంకో 'డే' వచ్చేస్తుంది. అసలు ఒక చోట పుట్టిన పండగ, ఆ ఆనవాయితీ లేని ఇంకో చోటికి ఎలా వస్తుంది? వచ్చినవాటిలో కొన్ని ఎందుకు స్థిరపడతాయి, కొన్ని ఎందుకు అడుగే పెట్టవు?

పండగ, డే, సెలవు: మూడూ ఒకటి కావు

మాటల దగ్గరే సగం తికమక ఉంది. పండగ అంటే ఇంట్లో జరిగేది. దానికి ఒక తిథి, ఒక దేవుడో దేవతో, ఒక వంట, ఎవరు ముందు ఎవరు తర్వాత అనే వరస ఉంటాయి. 'డే' అంటే క్యాలెండర్లో ఒక తేదీ. ఒక శుభాకాంక్ష, ఒక కానుక, ఒక ఫొటోతో సరిపోతుంది. సెలవు అంటే ప్రభుత్వం తీసుకునే నిర్ణయం.

ఒకే రోజు ఈ మూడూ కావచ్చు, మనిషిని బట్టి. డిసెంబరు 25నే తీసుకోండి. మదనపల్లెలో ఆర్కాట్ మిషన్ 19వ శతాబ్దంలోనే పని మొదలుపెట్టింది. అక్కడా చిత్తూరులోనూ తరతరాలుగా చర్చికి వెళ్తున్న తెలుగు కుటుంబాలకు క్రిస్మస్ అచ్చమైన పండగ. అరిసెలతో, కొత్త బట్టలతో కలిసిపోయిన ఇంటి పండగ. దాన్ని దిగుమతి అనడం వాళ్లకు అన్యాయం చేయడమే. అదే రోజు ప్లమ్ కేకు పెట్టుకున్న బేకరీకీ, శాంటా టోపీ పెట్టుకున్న ఎల్‌కేజీ పిల్లాడికీ అది 'డే'. బ్యాంకు గుమాస్తాకు సెలవు. కాబట్టి ఇక్కడ 'వచ్చిన పండగ' అన్నప్పుడల్లా, అది ఎవరికి వచ్చింది అన్నది కూడా అడగాలి.

ఇంకొక విభజన కూడా పనికొస్తుంది. ప్రతి పండగలోనూ మూడు పొరలుంటాయి: కథ, తంతు, సరుకు. ఉగాదికి కథ బ్రహ్మ సృష్టి మొదలుపెట్టిన రోజని. తంతు పంచాంగ శ్రవణం, పచ్చడి నైవేద్యం. సరుకు వేపపువ్వు, మామిడికాయ, కొత్త చింతపండు, బెల్లం. ఒక పండగ ఊరు దాటినప్పుడు ఈ మూడూ కలిసి ప్రయాణం చేయవు. ముందు సరుకు వస్తుంది. తంతు సగం వస్తుంది, మిగతా సగం వచ్చిన చోట కొత్తగా తయారవుతుంది. కథ చాలాసార్లు పుట్టిన ఊళ్లోనే ఉండిపోతుంది.

దీనికి జపాన్‌ని మించిన ఉదాహరణ లేదు. ఆ దేశ జనాభాలో క్రైస్తవులు ఒక శాతం దాకా ఉంటారు. డిసెంబరు 25 అక్కడ సెలవు కూడా కాదు. అయినా ఆ రాత్రి వేయించిన కోడి తినడం ఆనవాయితీ అయిపోయింది. 1974లో కేఎఫ్‌సీ జపాన్ 'క్రిస్మస్‌కు కెంటకీ' అని దేశమంతా ప్రచారం చేసింది, అది అలాగే నిలిచిపోయింది. జపాన్‌లోనే ఫిబ్రవరి 14న ఆడవాళ్లు మగవాళ్లకు చాక్లెట్లు ఇస్తారు. దానికి బదులు తీర్చుకోవడానికి మార్చి 14న 'వైట్ డే' అని ఇంకొకటి పుట్టింది. దాన్ని 1970ల చివర్లో అక్కడి మిఠాయి కంపెనీలు మొదలుపెట్టాయి. బాకీ ఉంచుకోకూడదు, అందుకున్నదానికి తిరిగి ఇవ్వాలి అన్నది ఆ సమాజంలో పాత మర్యాద. పండగ బయటిది, మర్యాద ఇంటిది.

జనవరి 1 ఎవరిది?

మన దగ్గర అన్నిటికంటే ఎక్కువ వాదన జరిగేది ఈ తేదీ మీదే.

2017 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ దేవాదాయ శాఖ కింద ఉన్న హిందూ ధర్మ పరిరక్షణ ట్రస్టు ఆలయాలకు ఒక సర్క్యులర్ పంపింది. మన సంవత్సరాది ఉగాది కాబట్టి, జనవరి 1న గుళ్లలో ప్రత్యేక అలంకరణలు, స్వాగత ఏర్పాట్లు వద్దని దాని సారాంశం. సమర్థించినవాళ్లు సమర్థించారు, ఆక్షేపించినవాళ్లు ఆక్షేపించారు. ఇద్దరూ ఒక సంగతి అనుకుంటూనే మాట్లాడారు: జనవరి 1 ఇంగ్లీషువాళ్ల పండగ అని.

కానీ ఆ తేదీ ఇంగ్లీషువాళ్లకు కూడా ఆలస్యంగా వచ్చిందే. జనవరి 1ని రోమన్లు సంవత్సరాది చేసుకున్నారు, క్రీస్తుపూర్వం 45లో జూలియస్ సీజర్ సరిచేసిన క్యాలెండరూ ఆ తేదీతోనే మొదలైంది. తర్వాత యూరప్‌లో ఒక్కో దేశం ఒక్కో తేదీ పట్టుకుంది. 1582లో పోప్ గ్రెగొరీ క్యాలెండర్ని మళ్లీ సవరించాడు. ఇంగ్లండ్ దాన్ని ఒప్పుకున్నది 1752లో. అంతకుముందు ఇంగ్లండ్‌లో చట్టం ప్రకారం కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. అంటే మన ఉగాది వచ్చే రోజుల్లోనే. ఈస్టిండియా కంపెనీ మద్రాసులో కోట కట్టుకుని వందేళ్లు దాటాక గానీ వాళ్ల దేశంలో జనవరి 1 చట్టబద్ధమైన సంవత్సరాది కాలేదు. కాబట్టి అది మనకు వచ్చింది పండగలా కాదు. కోర్టు కాగితం మీద, జీతం చిట్టా మీద, రైలు టికెట్ మీద తేదీలా వచ్చింది. పండగ రంగు తర్వాత పూసుకుంది.

ఇక మా ఇంటి గోడ చూడండి. దాని మీద ఉన్నది తిరుమల తిరుపతి దేవస్థానం క్యాలెండర్. శ్రీవారి బొమ్మ, కింద తిథి, నక్షత్రం, ఏకాదశులు అన్నీ ఉంటాయి. కానీ అది మొదలయ్యేది జనవరితో. ఆ క్యాలెండర్లు, డైరీలు బ్రహ్మోత్సవాల రోజుల్లోనే విడుదలవుతాయి. డిసెంబరు వచ్చేసరికి ఊళ్లో ప్రతి ఇంట్లో కొత్తది చేరుతుంది, అమెరికా వెళ్లే చుట్టాల సూట్‌కేసులోకి నాలుగు వెళ్తాయి. దేవస్థానమే ఉగాదికి పంచాంగం కూడా వేస్తుంది. లెక్కకు ఒక సంవత్సరం, పూజకు ఒక సంవత్సరం. మా వీధిలో ఏ పెద్దాయనకూ ఇందులో ఇబ్బంది కనపడలేదు.

డిసెంబరు 31 రాత్రి అలిపిరి దగ్గర నిలబడితే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. జనవరి 1న స్వామి దర్శనం కావాలని వచ్చినవాళ్లు, చేతిలో కర్పూరం, పసుపు, కుంకుమతో 3,550 మెట్లు ఎక్కుతుంటారు. తేదీ బయటిది. ఎక్కే మెట్టు, పెట్టే బొట్టు ఇక్కడివి. కొన్నేళ్లుగా దీనికి ఇంకొకటి కలిసింది. తిరుమలలో వైకుంఠ ద్వార దర్శనం అంతకుముందు ఏకాదశి, ద్వాదశి రెండు రోజులే ఉండేది. 2020 డిసెంబరు నుంచి శ్రీరంగంలాగా 10 రోజులు చేశారు. ఆ మొదటిసారి అది డిసెంబరు 25న మొదలై జనవరి 3న ముగిసింది. అంటే శ్రీరంగం నుంచి వచ్చిన ఆనవాయితీ, రోము నుంచి వచ్చిన తేదీ ఒకే క్యూలో కలిశాయి.

మన ఉగాది అన్న మాటలో 'మన' కూడా అనుకున్నంత సులువు కాదు, ముఖ్యంగా మా ప్రాంతంలో. నగరి, సత్యవేడు వైపు తమిళం మాట్లాడే ఇళ్లలో సంవత్సరాది ఏప్రిల్ నడిమికి, చిత్తిరై మొదటి రోజున. ఇంట్లో కోడలు తెలుగు, అత్త తమిళం అయితే రెండూ చేస్తారు. పక్క రాష్ట్రంలో 2008లో ప్రభుత్వం సంవత్సరాదిని పొంగల్ రోజుకు, అంటే తై మొదటి తేదీకి మార్చింది. 2011లో వచ్చిన ప్రభుత్వం మళ్లీ చిత్తిరైకి తెచ్చింది. జనం మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఏప్రిల్లోనే చేసుకున్నారు. చట్టం సెలవును మార్చగలదు. పండగను మార్చడం దానికి కష్టం.

తేదీ చూస్తే వచ్చిన దారి తెలుస్తుంది

ఒక 'డే' ఏ దారిన మన దాకా వచ్చిందో దాని తేదీయే పట్టిస్తుంది. బ్రిటన్‌లో అమ్మల ఆదివారం ఈస్టర్‌కు ముందు, లెంట్ ఉపవాస కాలంలో వస్తుంది. రెండు వందల ఏళ్లు మనల్ని పాలించినవాళ్ల ఆ తేదీని మనం పట్టించుకోలేదు. మన ఫోన్లలో మదర్స్ డే మే రెండో ఆదివారం. అది అమెరికా తేదీ. 1908లో వెస్ట్ వర్జీనియాలోని గ్రాఫ్టన్ చర్చిలో అన్నా జార్విస్ అనే ఆమె తన తల్లి జ్ఞాపకంగా మొదలుపెట్టింది, 1914లో అధ్యక్షుడు విల్సన్ అధికారికం చేశాడు. తర్వాత కార్డులు, పూలు అమ్మేవాళ్లు దాన్ని వ్యాపారం చేసేశారని ఆమే బాధపడి, చనిపోయేదాకా ఆ వ్యాపారంతో పోరాడింది. మనకు ఆ తేదీ వచ్చింది పాలనతో కాదు. 1991 తర్వాత వచ్చిన శాటిలైట్ టీవీతో, గ్రీటింగ్ కార్డుల షాపులతో, ఆ తర్వాత ఫోనుతో వచ్చింది. ఫ్రెండ్‌షిప్ డేదీ అదే దారి. ఐక్యరాజ్యసమితి 2011లో స్నేహ దినంగా జులై 30ని ప్రకటించినా, మన కాలేజీ పిల్లలు చేతికి బ్యాండ్లు కట్టుకునేది ఆగస్టు మొదటి ఆదివారం నాడే.

అయితే బయటినుంచి వచ్చినవన్నీ అంగడి దారినే వచ్చాయనుకోవడం తప్పు. మే డేకి మూలం 1886లో షికాగో కార్మికుల 8 గంటల పని పోరాటం. మన దేశంలో దాన్ని మొదట జరిపింది 1923లో మద్రాసులో సింగారవేలర్. తిరుపతి నుంచి మూడు నాలుగు గంటల దూరం. వందేళ్లు దాటింది. మే 1న ఎర్రజెండా ఎగరేసే హమాలీని 'ఇది విదేశీ పండగ కదా' అని అడగాలని ఎవరికీ తోచదు, ఎందుకంటే దాని కథ కూడా వచ్చింది. పని గంటల కష్టం ఇక్కడా ఉంది కాబట్టి ఆ కథ ఇక్కడ అర్థమైంది. మార్చి 8 కూడా అంతే, కార్మిక ఉద్యమాల వెంట వచ్చింది.

ఇక సముద్రం దాటకుండా వచ్చినవి. మా చిన్నప్పుడు శ్రావణ పౌర్ణమి అంటే జంధ్యాల పౌర్ణమి. మా వీధిలో రాఖీ కట్టించుకున్న అబ్బాయి ఒక్కడు కూడా లేడు. ఇప్పుడు రాఖీ కట్టని ఇల్లు తక్కువ. ధన్‌తేరస్ అనే మాట మా అమ్మకు యాభై ఏళ్లు వచ్చేదాకా తెలియదు. ఇంకా వెనక్కి వెళ్తే, వినాయకుడు చిత్తూరు జిల్లాకు ఎప్పటివాడో. కాణిపాకంలో చవితి నుంచి 21 రోజులు బ్రహ్మోత్సవాలు. కానీ వీధిలో మండపం వేసి, చందాలు పోగేసి, మైకు పెట్టి, ఊరేగించి నిమజ్జనం చేసే రూపాన్ని పెంచింది మహారాష్ట్ర. 1893లో పుణెలో తిలక్ దాన్ని బహిరంగ ఉత్సవం చేశాడు. మా ఊళ్లో ఆయన పేరున తిలక్ రోడ్డు ఉంది. ఆ రోడ్డు మీదుగా విగ్రహాలు పోతుంటాయి. ఆ రూపం పక్క రాష్ట్రం నుంచి వచ్చిందన్న ఆలోచన చూస్తున్న ఎవరికీ రాదు. రెండు మూడు తరాలు చాలు, వచ్చింది మనదైపోవడానికి.

ఖాళీ ఉన్నచోటే కుదురుకుంటుంది

మార్కెటింగ్ వల్లే ఇవన్నీ వస్తున్నాయి అనేది సగం సమాధానమే. మార్కెటింగ్ ఒక్కటే చాలితే అన్నీ నిలవాలి. నిలవలేదు. థ్యాంక్స్‌గివింగ్ అమెరికాలో ఇంటిల్లిపాదీ కలిసే పెద్ద పండగ. అమెరికాలో తెలుగువాళ్లు లక్షల్లో ఉన్నారు, ఆ విందు ఫొటోలు మనకు ఏటా వస్తాయి. అయినా ఆ పండగ తిరుపతికి రాలేదు. పంట ఇంటికొచ్చిన సంతోషానికి మనకు సంక్రాంతి ఉంది. మొదటి రోజు భోగి, చివర కనుమ. ఆ రోజుల్లో చంద్రగిరి దగ్గర రంగంపేటలో కొమ్ములకు పలకలు కట్టి పశువుల్ని వదిలితే జిల్లా అంతా చూడ్డానికి పోతుంది. థ్యాంక్స్‌గివింగ్ వచ్చినా కూర్చోవడానికి ఖాళీ కుర్చీ లేదు.

కానీ ఆ పండగ మర్నాటి సేల్ వచ్చింది. 1960లలో ఫిలడెల్ఫియా పోలీసులు ఆ రోజు రద్దీకి విసిగి పెట్టుకున్న పేరు 'బ్లాక్ ఫ్రైడే'. 2010 తర్వాత అది థ్యాంక్స్‌గివింగే లేని బ్రిటన్‌కు, ఇంకా చాలా దేశాలకు పాకింది. కథ లేదు, తంతు లేదు, ఉత్త సరుకు. శుక్రవారం పూట ఇంట్లోంచి పైసా బయటికి ఇవ్వకూడదని నమ్మే మన ఇళ్లలో కూడా ఫోన్ నోటిఫికేషన్‌గా వచ్చింది.

ఇప్పుడు నిలిచినవి చూద్దాం. మన పండగలు చుట్టరికాన్ని బట్టి నడుస్తాయి. అల్లుడికి పండగ ఉంది, ముత్తైదువకు ఉంది, చనిపోయిన పెద్దలకు ఉంది, ఎద్దుకు ఉంది, ఆయుధపూజనాడు ఆటోకి, కుట్టుమిషన్‌కి కూడా ఉంది. స్నేహితుడికి లేదు. ప్రేమించినవాళ్లకు అసలే లేదు. వేరే ఊరి నుంచి వచ్చి ఎస్వీ యూనివర్సిటీ హాస్టల్లో ఉండే పిల్లలకు స్నేహితులే కుటుంబం. వాళ్ల జీవితంలో ఇంత పెద్ద బంధానికి పంచాంగంలో ఒక్క రోజు కూడా కేటాయించి లేదు. ఫ్రెండ్‌షిప్ డే, వాలెంటైన్స్ డే వచ్చి కూర్చున్నది ఆ ఖాళీలో. ఫిబ్రవరి మొదటి వారంలో హోసూరు గులాబీకి ధర పెరగడం వెనక ఉన్నది కంపెనీల ప్రకటనలు మాత్రమే కాదు, పిల్లల అవసరం కూడా.

ఖాళీ సిద్ధాంతానికి హాలోవీన్ గట్టి పరీక్ష. దాని మూలం ఐర్లాండ్, స్కాట్లాండ్‌లలో. చలికాలం మొదట్లో చనిపోయినవాళ్ల ఆత్మలు తిరుగుతాయని, వాటినుంచి తప్పించుకోవడానికి వేషాలు వేసేవారు, దుంపలు తొలిచి దీపం పెట్టేవారు. 1840ల కరువులో ఐరిష్‌వాళ్లు అమెరికాకు వలస పోయారు. అక్కడ దుంప బదులు పెద్ద గుమ్మడికాయ దొరికింది. ఇందులో మనకు కొత్తది ఏముంది? చనిపోయినవాళ్లకు మహాలయ పక్షం ఉంది. కోరలు, మీసాలు గీసిన దిష్టి గుమ్మడికాయ కొత్తగా కట్టే ప్రతి ఇంటి ముందూ వేలాడుతోంది.

వేషాల సంగతైతే తిరుపతికి ఎవరూ నేర్పాల్సిన పని లేదు. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వారం రోజులు ఊరు ఊరంతా వేషాల్లోనే ఉంటుంది. చాటింపు తర్వాత రోజుకో వేషం: బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, సున్నపుకుండలు, పేరంటాలు. ఒక రోజు ఒంటినిండా తెల్లటి నామకొమ్ము, ఒక రోజు కుంకుమ, ఒక రోజు బొగ్గు. ఆడవాళ్లను వేధించిన పాలెగాడు భయపడి దాక్కుంటే, గంగమ్మ వేషం మార్చుకుంటూ వీధి వీధీ వెతికిందని, దొర వేషంలో వచ్చినప్పుడు అతడు బయటపడ్డాడని, అప్పుడు సంహరించిందని కథ. అందుకే మగవాళ్లు చీర కట్టుకుని, జడ వేసుకుని, గాజులు తొడుక్కుని గుడికి వస్తారు. మా పక్కింటి లారీ డ్రైవర్ ఏటా మొక్కు ప్రకారం భార్య పట్టుచీర కడతాడు. ఆమె గడప దగ్గర కూర్చుని, నోట్లో పిన్నీసులు పెట్టుకుని, ఆయనకు కుచ్చిళ్లు సరిచేస్తుంటుంది. ఆయన మీసాలు తీయడు. చీర, మీసం, నుదుట ఇంత బొట్టు. ఆ వీధిలో ఎవరూ నవ్వరు. దండం పెడతారు.

ఇంత ఉన్న ఊళ్లో హాలోవీన్‌కు చోటెక్కడిది? ఊరి జీవితంలో లేదు. స్కూలు క్యాలెండర్లో ఉంది. మా రాష్ట్రంలో స్కూళ్లు ఏప్రిల్ చివర మూసి జూన్ రెండో వారంలో తెరుస్తారు. జాతర వచ్చేది సరిగ్గా ఆ సెలవుల్లో. ఒక పిల్ల ఎల్‌కేజీ నుంచి పదో తరగతి దాకా చదివినా, స్కూలు ఆమెకు గంగమ్మ జాతర గురించి ఒక్కసారి కూడా మెసేజ్ పెట్టాల్సిన అవసరం రాదు. అక్టోబరు 31 మాత్రం చాలా ఏళ్లు బడి నడిచే రోజుల్లోనే పడుతుంది. దసరా సెలవులు అయిపోయి, దీపావళి అటో ఇటో అయ్యాక, ఫొటోలు పెట్టడానికి స్కూలుకు ఏదో ఒక కార్యక్రమం కావాలి. ఇంగ్లీషు మీడియం పుస్తకాల్లో, కార్టూన్లలో గుమ్మడికాయ బొమ్మ ఎలాగూ ఉంది. దక్షిణ కొరియాలో కూడా హాలోవీన్ పాకిన ముఖ్యమైన దారుల్లో ఒకటి ఇంగ్లీషు నేర్పే కిండర్‌గార్టెన్లే. మదర్స్ డే సంగతి ఇంకో రకం. అదీ మే నెలలోనే, సెలవుల్లోనే. అందుకే అది మా ఊళ్లో స్కూలు ద్వారా కాకుండా వాట్సాప్ స్టేటస్ ద్వారా వచ్చింది. ఏది రావాలో నిర్ణయించేది సంస్కృతి గొప్పతనం కంటే ఇలాంటి చిన్న చిన్న తేదీల సర్దుబాటే అని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఒక ఇంటి లెక్క

ఖర్చు గురించి ఊరికే అనుకోవడం కాకుండా ఒక ఊహా లెక్క వేద్దాం. ఇద్దరు పిల్లలు, చిన్న ప్రైవేటు స్కూలు. ఫ్రెండ్‌షిప్ బ్యాండ్లు ఒక్కొక్కరికి 100 రూపాయలు, ఇద్దరికి 200. పింక్ డే, ఎల్లో డే అని రెండు రంగుల రోజులకు 350 చొప్పున టీషర్టులు, నాలుగు కలిపి 1,400. దెయ్యం డ్రెస్సు 600 చొప్పున 1,200. శాంటా డ్రెస్సు 450 చొప్పున 900. జనవరి 1 కేకు 500. మొత్తం 4,200. రోజుకు 500 సంపాదించే మనిషికి ఇది ఎనిమిది రోజుల పైచిలుకు కూలి.

దీని పక్కన సంక్రాంతి పెడితే వచ్చిన పండగలే దుబారా అనడం కుదరదు. ఇంటిల్లిపాదికీ బట్టలు, పిండివంటలు, ఊరికి బస్సు చార్జీలు కలిపితే అంతకు రెండు మూడింతలు. పండగకు అప్పు చేసిన ఇళ్లు ఈనాటివి కాదు. తేడా ఇంకోచోట ఉంది. సంక్రాంతి ఖర్చును ఇల్లు తన తాహతును బట్టి సర్దుకోగలదు. ఈ ఏడు పంట లేదు, పిల్లలకు మాత్రమే బట్టలు అని తల్లి చెప్పగలదు. స్కూల్లో 'డే' నలభై మంది పిల్లల మధ్య జరుగుతుంది. డ్రెస్సు లేనిది ఆ ఒక్క పిల్లకే అని గ్రూపు ఫొటోలో కనిపిస్తుంది. మా మరదలి టెన్షన్ ఆరు వందల గురించి కాదు, ఆ ఫొటో గురించి.

రెండు వైపులా ఉన్న బలం

వద్దనేవాళ్ల మాటలో నిజం ఉంది. మనిషికి పండగ చేసుకునే ఓపిక, డబ్బు, సెలవులు కొన్నే ఉంటాయి. కొత్తది వస్తే పాతదానికి ఎంతో కొంత తగ్గుతుంది. పాతదానితో పాటు ఒక వంట, ఒక పాట, ఒక పని తెలిసిన మనిషి కూడా పోతారు. ఇంకొకటి బాధ్యత. గంగజాతరకు గుడి ఉంది, కమిటీ ఉంది, పోలీసు బందోబస్తు ఉంది. వచ్చిన పండగ చాలాచోట్ల ఎవరిదీ కాదు. 2022 అక్టోబరు 29న సియోల్‌లోని ఇటెవాన్ సందులో హాలోవీన్ రద్దీలో 159 మంది చనిపోయారు. ఆ జనాన్ని పిలిచిన నిర్వాహకుడంటూ ఎవరూ లేకపోవడం ఆ తర్వాత పెద్ద చర్చ అయింది. నిర్వాహకులు ఉన్నంత మాత్రాన ప్రమాదం ఉండదని కాదు. 2025 జనవరి 8న మా తిరుపతిలోనే వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర తొక్కిసలాటలో ఆరుగురు ప్రాణాలు కోల్పోయారు. కానీ అలాంటప్పుడు ఎవర్ని అడగాలో తెలుస్తుంది.

కావాలనేవాళ్ల మాటలో కూడా నిజం ఉంది, దాన్ని మనం తక్కువగా వింటాం. ఊరి పండగలో ఎవరి వంతు ఏమిటో పుట్టుకతోనే తేలిపోతుంది. జాతరలో ప్రధాన వేషాలు కైకాల వంశస్థులవి. అది వాళ్ల హక్కు, వాళ్ల సేవ. దాన్ని అలా కాపాడుకున్నందుకే అది ఇన్నాళ్లు నిలిచింది. అయితే చాలా పల్లెల్లో పండగ వరసలో ఎప్పుడూ చివరే నిలబెట్టిన కుటుంబాలు ఉన్నాయి. విధవరాలని పేరంటానికి పిలవని ఇళ్లు ఉన్నాయి. ఆగస్టు ఆదివారం నాడు బ్యాండు కట్టడానికి, జనవరి 1న కేకు కోయడానికి కులం అడగరు, మతం అడగరు, బొట్టు ఉందా లేదా చూడరు. ఆ స్వేచ్ఛ దొరికినవాళ్లకు అది ఎంత పెద్దదో ఎప్పుడూ ముందు వరసలో కూర్చున్నవాళ్లకు తెలియదు. నేను కూడా ఆలస్యంగానే తెలుసుకున్నాను, భర్త పోయిన మా పిన్ని జనవరి 1న మాత్రం ఇల్లంతా తిరిగి స్వీట్లు పంచడం చూసి.

నిషేధాల చరిత్ర కూడా చూడాలి. 2017లో ఇస్లామాబాద్ హైకోర్టు వాలెంటైన్స్ డేని బహిరంగంగా జరపొద్దంది. ఉజ్బెకిస్తాన్ ఆ ఫిబ్రవరి 14నే చక్రవర్తి బాబర్ జయంతిగా ముందుకు తెచ్చింది. మన జంతు సంక్షేమ బోర్డు 2023లో ఆ రోజును ఆవును కౌగిలించుకునే రోజుగా జరపమని కోరి, కొద్ది రోజులకే వెనక్కి తీసుకుంది. గమనించాల్సింది ఏమంటే, వద్దన్నవాళ్లు కూడా బదులుగా ఇచ్చింది ఇంకో 'డే'నే. తేదీని, రూపాన్ని ఒప్పుకుని లోపలి కథను మార్చడానికి చూశారు. రూపం గెలిచిపోయింది. మా ఊరే సాక్ష్యం. 1130 ఫిబ్రవరి 24న రామానుజులు గోవిందరాజస్వామి గుడి దగ్గర ఊరికి శంకుస్థాపన చేశారన్న ఆధారంతో, 2022లో తిరుపతికి 892వ పుట్టినరోజు జరిపారు. ఊరికి ఇంగ్లీషు తేదీన పుట్టినరోజు చేయడం బయటి రూపం. అందులో పెట్టిన కథ మాత్రం నూటికి నూరుపాళ్లు ఈ ఊరిదే.

అటునుంచి చూస్తే మనమే కొత్తవాళ్లం

2023 నవంబరులో న్యూయార్క్ రాష్ట్రం, న్యూయార్క్ నగరంలోని స్కూళ్లకు దీపావళి సెలవు చట్టం చేసింది. 2025లో కాలిఫోర్నియా దీపావళిని రాష్ట్ర సెలవుల జాబితాలో చేర్చింది. అక్కడి పిల్లాడు ఇంటికెళ్లి "అమ్మా, దీపావళి అంటే ఏమిటి?" అని అడుగుతుంటాడు, మా పాప దెయ్యం వేషం గురించి అడిగినట్టే. మనకు జరుగుతున్నదే వాళ్లకూ జరుగుతోంది: ముందు దీపాలు, మిఠాయిలు చేరాయి, తర్వాత సెలవు చేరింది, నరకాసురుడు ఇంకా దారిలోనే ఉన్నాడు.

మా చెల్లెలు న్యూజెర్సీలో ఉంటుంది. ఉగాది పనిరోజున వస్తే వాళ్లు ఆ వారాంతంలో ఆదివారం చేసుకుంటారు. మామిడికాయ మెక్సికోది, బెల్లం ఇండియన్ స్టోర్‌ది. ఎదురింటి అమెరికన్ ముసలావిడ ఏటా వచ్చి, మొహం చిట్లించుకుంటూనే పచ్చడి రెండు స్పూన్లు తింటుంది. మా ఇంట్లో వేపచెట్టు పూసినప్పుడు మా అమ్మ కింద పాత చీర పరిచి, రాలిన పువ్వు ఏరి, మిద్దెమీద చాటలో నీడకు ఎండబెట్టి, చిన్న చిన్న పొట్లాలు కట్టి పెడుతుంది. అటు పోయే చుట్టాలు ఎవరైనా కనబడితే ఒక పొట్లం వాళ్ల చేతిలో పెడుతుంది. న్యూజెర్సీలో ఈ ఏడు ఉగాది పచ్చడిలో పడింది నిరుడు మా మిద్దెమీద ఎండిన పువ్వు.